కచ్చాపచ్చా స్విచ్చు

“నూట అరవై.”

ప్రమీలారాణి నాతో అన్న మొట్టమొదటి మాట అది.

నాకు ఒళ్ళు మండిపోయింది. జగ్గయ్యపేట మెయిన్ బజార్లో, నలభై మంది ఆడవాళ్ళ ముందు, టేబుల్ మీద తళతళలాడే లహరి మిక్సీ పెట్టుకుని, మైకు పట్టుకుని గొంతు సవరించుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు వెనకనించి ఓ అమ్మాయి వచ్చి బేరం మొదలుపెడితే ఎవడికి మాత్రం మండదు?

“మేడమ్, దీని ఖరీదు ఎనిమిదొందల యాభై. నూట అరవైకి మూత కూడా రాదు,” అన్నాను, మైకులోనే. జనం గొల్లుమన్నారు.

ఆ అమ్మాయి నవ్వలేదు. చేతిలో ఉన్న మీటరు తెచ్చి నా ముఖం ముందు పెట్టింది.

“రేటు కాదండీ, వోల్టేజీ. రెండొందల ముప్ఫై ఉండాల్సింది నూట అరవై ఉంది. ఇప్పుడు మీ మిక్సీ తిరగదు, మూలుగుద్ది. ఓ గంట ఆగండి.”

“గంట ఆగితే కరెంటొస్తుందేమో గానీ, జనం ఉండరండీ.”

“మీ ఇష్టం,” అని మెట్టెక్కి షాపు గుమ్మంలో నిలబడింది. అప్పుడు చూశాను. జడలో పూలకి బదులు పెన్సిలు. వేళ్ళ నిండా వార్నిష్ మరకలు. కళ్ళు మాత్రం, ‘కానివ్వు, నీ సంగతి చూస్తా’ అన్నట్టున్నాయి. నా గొంతు మళ్ళీ సవరించుకోవాల్సి వచ్చింది.

ఇది 1984 ఫిబ్రవరి సంగతి. నా పేరు భవానీప్రసాద్, మాది నందిగామ. హైదరాబాదులో లహరి అనే కంపెనీ కొత్తగా మిక్సీలు మొదలుపెట్టి, కృష్ణా జిల్లా మీదికి నన్ను తోలింది. నా కార్డు మీద ‘మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్’ అని ఉండేది. మా నాన్న మాత్రం ఎవరడిగినా “మావాడు మిక్సీలమ్ముతాడు” అనేవాడు. నాకో సిద్ధాంతం ఉండేది. వస్తువు చెయ్యడం ఇంజనీర్ల పని. అది లేకపోతే ఇన్నాళ్ళూ ఎలా బతికామా అని జనానికి అనిపించడం మా పని. ఇంజనీర్లది చిన్న పని, మాది పెద్దది. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఇలాంటివి చాలా గట్టిగా నమ్ముతాం.

పేటలో ఏజెన్సీ తిరుపతిరావు గారికిచ్చాం. ఆయనది మోటారు వైండింగ్ షాపు. చుట్టుపక్కల మిరప, పత్తి చేలల్లో మోటార్లు లో వోల్టేజీకి కాలిపోతుంటే, ఇరవై ఏళ్ళుగా వాటికి కొత్త తీగ చుట్టి బతికిస్తున్నాడు. ‘ఇది ఇంక తిరగదు’ అని ఆయనంటే రైతు మారుమాట్లాడడు. అంత పేరు. ఆ పేరు కోసమే మేం వెళ్ళాం. ఆయనకి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివిన కూతురుందనీ, షాపులో సగం మోటార్లు ఆవిడే చుడుతుందనీ నాకెవరూ చెప్పలేదు.

సరే, స్విచ్చు వేశాను.

మిక్సీ మూలిగింది.

అచ్చం ఆ అమ్మాయి చెప్పినట్టే, ఎద్దు ఎత్తు ఎక్కుతున్నట్టు మూలిగింది. లోపల పండు మిరపకాయలు, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి. కంపెనీవాళ్ళు నాకిచ్చిన స్లోగను ‘వెన్నలాంటి మెత్తదనం’. మూత తీసి చూస్తే వెన్న కాదు గదా, మిరప తొక్కలు తొక్కల్లాగే, వెల్లుల్లి తునకలు తునకల్లాగే కనపడుతున్నాయి. నా పని అయిపోయిందనుకున్నాను.

ముందు వరసలో ఉన్న దుర్గాంబ గారు వేలు పెట్టి నాలిక్కి రాసుకుంది. పచ్చళ్ళ విషయంలో ఆవిడ మాటకి పేటలో తిరుగులేదు.

“ఓసినీ! కచ్చాపచ్చాగా వచ్చిందే! అచ్చం రోట్లో నూరినట్టే ఉంది!”

అంతే, నలభై చేతులు మిక్సీ జార్ మీద పడ్డాయి. మా వైపు పచ్చడంటే ముద్ద కాకూడదు, ముక్కా మిగలకూడదు. పంటి కింద కాస్త తగలాలి. ఆ సంగతి నందిగామలో పుట్టిన నాకు తెలియక కాదు, హైదరాబాదు స్లోగను మోసీ మోసీ మర్చిపోయాను. వెంటనే మైకు లాక్కున్నాను.

“రోటి పచ్చడి... రోలు లేకుండా! గ్యారంటీ నాది!”

మూడు రోజుల్లో ముప్ఫై ఒక్క మిక్సీలు! హైదరాబాదు నుంచి ట్రంక్ కాల్ చేసి మరీ మెచ్చుకున్నారు. నేను నేల మీద నడవడం మానేశాను.

“అది అలా ఎందుకొచ్చిందో మీకు తెలుసా?” అంది ప్రమీలారాణి, మూడో రోజు బిల్లులు రాస్తూ.

“వచ్చింది కదండీ, చాలదా?”

“ఎందుకొచ్చిందో తెలీనిది ఎందుకు పోద్దో కూడా తెలీదు.”

“మీకు తెలుసా?”

“తెలీదు. అందుకే మైకు పట్టుకోలేదు.”

చురక అంటించిందని తెలుస్తూనే ఉంది. అయినా హాయిగా ఉంది. నందిగామ వెళ్ళే బస్సులో అరగంటసేపు ఆ మాటకి మంచి జవాబు వెతికాను.

పది రోజుల తర్వాత కబురొచ్చింది, వెంటనే రమ్మని. చిల్లకల్లు దగ్గర బస్సు పేట వైపు తిరిగేటప్పటికి కొత్త ఆర్డర్లేమోనని లెక్కలు వేసుకుంటున్నాను. షాపు ముందు దిగి చూస్తే, మిక్సీలు. నేనమ్మిన మిక్సీలు. బల్లల మీద, మెట్ల మీద, కాలిన మోటార్ల పక్కన. మధ్యలో స్టూలు మీద దుర్గాంబ గారు.

“ఏమయ్యో! మాకు చూపించింది ఒకటీ, అంటగట్టింది ఇంకోటీనా? వారం నుంచి పచ్చడి చేస్తే గోరింటాకు ముద్దవుతోంది! తినమంటావా, చేతికి పెట్టుకోమంటావా అని మా ఆయన అడుగుతున్నాడు!”

తిరుపతిరావు గారు అరవలేదు. అరిస్తే బాగుండేది. “ఇరవై ఏళ్ళలో నా షాపుకి సరుకు వాపసు రావడం ఇదే మొదలు బాబూ,” అన్నాడు మెల్లిగా.

బల్ల చివర డెమోకి వాడిన మిక్సీ ఉంది. తిప్పి చూశాను. అడుగున స్క్రూల మీద గీతలున్నాయి.

“దీన్నెవరు విప్పారు?”

“నేనే. డెమోకి ముందు రోజు. లోపల వైండింగ్ ఎలా చేశారో చూద్దామని,” అంది ప్రమీలారాణి.

దొరికింది దొంగ అనిపించింది నాకు. భయపడ్డవాడికి దొంగ తొందరగా దొరుకుతాడు.

“ఏం మార్చావ్ దీన్లో? నువ్వేం చేశావో అందరి ముందూ చెప్పు!”

తిరుపతిరావు గారు లేచి నిలబడ్డాడు. ఆవిడ తండ్రిని చేత్తోనే ఆపింది.

“‘మీరు’ నుంచి ‘నువ్వు’కి ఎప్పుడు దిగారండీ?” అంది. చెవులు ఎర్రబడ్డాయి. “నేను మోటార్లు బాగుచేస్తా. మాటలమ్మను. తెలీని దానికి గ్యారంటీ ఇచ్చిన మనిషి మాట ఇంకెవరైనా నమ్ముతారేమో. నేనైతే నమ్మను.”

లోపలికెళ్ళిపోయింది.

సోమవారం మా ఎం.డి. జగన్నాథరావు గారు వస్తున్నారని, మిక్సీలన్నీ వెనక్కి తీసుకుని జిల్లాలో అమ్మకం ఆపేస్తారని ఆ సాయంత్రమే తెలిసింది. అంటే నా ఉద్యోగం కూడా వెనక్కే. చిత్రమేంటంటే, బస్సులో కూర్చుంటే ఉద్యోగం గుర్తుకు రావడం లేదు. ‘నేనైతే నమ్మను’ అన్న మాటే గుచ్చుకుంటోంది. కంచికచర్లలో ఒకడు, పెనుగంచిప్రోలులో ఒకడు నమ్మకపోయినా నాకు నిద్ర పడుతుంది. ఈ అమ్మాయి నమ్మకపోతే పట్టదు. నేను ప్రేమలో పడ్డానని అలా తెలిసింది. మంచి టైము చూసుకునే పడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం సీలు తీయని కొత్త మిక్సీ ఒకటి చంకన పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ బల్ల దగ్గర తీగ చుడుతోంది. తల ఎత్తలేదు. నేనే సీలు తీశాను, నేనే పండు మిరపకాయలు వేశాను, తిప్పాను. ముద్ద. తర్వాత డెమో మిక్సీలో వేసి తిప్పాను. అదీ ముద్దే.

“రెండూ ఒకటేనండీ,” అన్నాను. “మీరేం మార్చలేదు. అందరి ముందూ నోరు పారేసుకున్నా. తప్పు నాది. క్షమించండి.”

ఆవిడ తీగ చుట్టడం ఆపింది. క్షమించిందో లేదో తెలీదు గానీ, మిక్సీ వైపు చూసింది.

“అదే మిక్సీ. అవే కాయలు. అయితే ఆ రోజు వేరే ఏముంది?”

ఇద్దరం షాపంతా చూశాం. బల్ల మీద చూశాం, గోడ మీద చూశాం. ఆవిడ కళ్ళు పైకెళ్ళి బల్బు దగ్గర ఆగిపోయాయి. బల్బు తెల్లగా, కళ్ళు చెదిరేట్టు వెలుగుతోంది.

“ఆ రోజు ఇది ఎర్రగా ఉంది,” అంది మెల్లిగా.

“వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కొత్తగా ఉందే, ఎప్పుడు పెట్టారు?” అన్నాను.

“పోయిన వారం...”

“నూట అరవై!” ఇద్దరం ఒకేసారి అరిచాం.

ఆవిడ ఒక్క పరుగున వెళ్ళి, మోటార్లు పరీక్ష చేసే వేరియాక్ పెట్టె తెచ్చింది. దాని మర తిప్పితే కరెంటు మనిష్టం వచ్చినంత తగ్గుతుంది. ముల్లు నూట అరవై దగ్గరికి తెచ్చింది. నేను మళ్ళీ కాయలు వేశాను. మిక్సీ మూలిగింది. అంత కమ్మటి మూలుగు నేను జన్మలో వినలేదు! మూత తీశాం. తొక్కలు తొక్కల్లాగే, తునకలు తునకల్లాగే!

“వచ్చేసింది!” అని గంతేశాను.

“అరవకండి! నాన్న పడుకున్నారు,” అంది గానీ, తనూ నవ్వుతోంది. ఆ నవ్వు చూడ్డం నాకదే మొదటిసారి. మిక్సీ సంగతి కాసేపు మర్చిపోయాను.

“అంటే మన మిక్సీకి రోగం ఏంటంటే,” అంది, “మరీ బాగా తిరగడం. నెమ్మదిగా తిరగడం రాదు దానికి.”

నా సిద్ధాంతం ఆ బల్ల మీదే కూలిపోయింది. హైదరాబాదులో ఇంజనీర్లు వేగం తయారుచేశారు, నేను వేగం అమ్మాను. పేటలో ఆడవాళ్ళకి కావలసింది పంటి కింద తగిలే వెల్లుల్లి. ఆ మాట వాళ్ళని అడిగింది ఎవడు?

“దీన్ని మార్చొచ్చా?”

“కాయిల్లో ఇంకొన్ని చుట్లు వేసి, అక్కణ్ణించి ఓ వైరు బయటికి లాగితే నెమ్మది స్పీడొస్తది. స్విచ్చుకి ఇంకో మెట్టు పెడితే చాలు. సోమవారానికి అయిపోద్ది... చుట్లు లెక్కపెట్టేవాళ్ళుంటే.”

ఆ నాలుగు రోజులూ లెక్కపెట్టేవాణ్ణి నేనే. ఆవిడ పిడి తిప్పుతుంది, సన్నటి రాగి తీగ అచ్చు మీదికి చుట్టుకుంటుంది, నేను అంకెలు పలకాలి. ఒక్కటి తప్పినా మొత్తం విప్పాలి.

“ఎన్నయ్యాయి?”

“నూట... డెబ్భై... ఎనభై...”

“డెబ్భయ్యా, ఎనభయ్యా? చూపు ఎక్కడుంది?”

“కాయిలు మీదే.”

“కాయిలు ఇక్కడుంది. మీరు చూస్తోంది నా జూకా.”

“అదీ తీగ చుట్టిందే కదండీ?”

“అది బంగారం! విప్పండి. మళ్ళీ మొదట్నించీ.”

మూడుసార్లు విప్పాం. రెండుసార్లు నా తప్పే. మూడోసారి పిడి తిప్పడం ఆపేసి నా వైపు చూస్తూ ఉండిపోయింది ఆవిడే, కానీ ఒప్పుకోలేదు. లోపలి గదిలోంచి తిరుపతిరావు గారు అవసరం లేకపోయినా దగ్గాడు.

ఆదివారానికి స్విచ్చు తయారైంది. “దీని మీద లో, హై అని రాయిద్దాం,” అన్నాను.

“దుర్గాంబ గారు లో, హై అంటారా?”

“ఒకటి, రెండు?”

ఆవిడ జడలోంచి పెన్సిలు లాగి, స్విచ్చు పక్కన కాగితం ముక్క అంటించి రెండు మాటలు రాసింది. ఒక వైపు ‘మెత్తగా’. రెండో వైపు ‘కచ్చాపచ్చా’.

నేను నోరెళ్ళబెట్టాను. స్లోగన్లు రాయడం నా వృత్తి. ఈ అమ్మాయి ప్రకటనంతా స్విచ్చు మీదే రాసేసింది! కొన్నవాళ్ళు చెయ్యి పెట్టినప్పుడల్లా చదువుకుంటారు.

సోమవారం పొద్దున అంబాసిడర్ కారు ఆగింది. జగన్నాథరావు గారు సఫారీ సూటులో దిగి, స్విచ్చు అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను పక్కకి పిలిచారు.

“ఐడియా బాగానే ఉందయ్యా. పాత గొడవ మాత్రం ఎత్తకు. కొత్త మోడల్, ఇంకా మెరుగు అని చెప్పు చాలు. తప్పు ఒప్పుకున్న కంపెనీ సరుకు ఎవడూ కొనడు. నోరు జారావో, రేపణ్ణించి నువ్వు పనిలోకి రానక్కర్లేదు.”

షాపు ముందు మళ్ళీ ఆ నలభై మందే, ఈసారి చేతులు కట్టుకుని ఉన్నారు. మైకు తీసుకున్నాను. గుమ్మంలో ప్రమీలారాణి నిలబడి ఉంది. ఆవిడ ముఖంలో ఏమీ తెలియడం లేదు. ‘కొత్త మోడల్’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఉద్యోగం కావాలి నాకు. నిజంగా కావాలి.

“అమ్మా,” అన్నాను. “ఆ రోజు పచ్చడి అంత బాగా వచ్చింది మా మిక్సీ గొప్పతనం వల్ల కాదు. కరెంటు తక్కువగా ఉండి వచ్చింది. అది నాకు తెలీదు. తెలీకుండానే గ్యారంటీ ఇచ్చా. పైగా తప్పు ఈ అమ్మాయి మీదికి నెట్టా. ఆవిడ చేసిందేం లేదు. ఇప్పుడీ స్విచ్చు కనిపెట్టి, చుట్టి, పేరు పెట్టింది ప్రమీలారాణి గారే. నేను చుట్లు లెక్కపెట్టా, అదీ తప్పుగా. ఇంకోటి. దీంట్లోనూ లోపముంది. నెమ్మది మీద మూడు నిమిషాలు దాటితే మోటారు వేడెక్కుద్ది. మధ్యలో ఆపుకోవాలి.”

జగన్నాథరావు గారు కళ్ళు మూసుకున్నారు.

“ముందు తిప్పి చూపించు,” అంది దుర్గాంబ గారు. తిప్పాను. వేలు పెట్టింది, రుచి చూసింది, ఇంకోసారి చూసింది. పక్కింటి మీరాబీ గారికి నాకించింది. తర్వాత నా వైపు తిరిగింది.

“పచ్చడి సరే. లోపముందని ముందే చెప్పి అమ్మేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. నా మిక్సీకి కూడా ఈ స్విచ్చే పెట్టండి. డబ్బులు వాపసొద్దు.”

“మాదానికీ!” అంది మీరాబీ గారు. ఆ తర్వాత ఎవరేమన్నారో వినపడలేదు, అంత గోల!

తిరుపతిరావు గారు వేడన్నంలో ఆ పచ్చడీ నెయ్యీ కలిపి ఎం.డి. గారి చేతిలో పెట్టాడు. ఆయన ఒక ముద్ద తిన్నారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, రెండో ముద్దకి చెయ్యి చాపారు. “నిన్ను తీసెయ్యాలో, జీతం పెంచాలో తెలీడం లేదయ్యా,” అన్నారు ముక్కు తుడుచుకుంటూ.

“అది తర్వాత సార్. ముందు డిజైన్ చేసినావిడతో మాట్లాడండి.”

ఆవిడ గట్టిగానే మాట్లాడింది. స్విచ్చు మీద తెలుగు మాటలు మార్చకూడదు. జిల్లాకొచ్చే మిక్సీల కాయిళ్ళు తమ షాపులోనే చుట్టాలి. రెంటికీ ఆయన తలూపారు. ఆవిడకి నా మాట మీద మాత్రం నమ్మకం కుదిరిందో లేదో ఆ రోజు తెలియలేదు.

జూన్‌లో కొత్త మోడల్ లోడు వచ్చిన రోజు తొలకరి పడింది. అట్టపెట్టెలు తడవకుండా ఇద్దరం పరుగులు పెట్టి లోపల వేశాం. చివరి పెట్టె దించాక ఆవిడ గుమ్మంలో ఉంది, నేను చూరు కింద సగం వానలో ఉన్నాను. జేబులోంచి కాగితం తీశాను. రెండు వారాలు కష్టపడి రాసుకున్న కాగితం.

“ఏంటది?”

“మీకు చెప్పాల్సింది... తడిసిపోయింది.”

“మంచిదైంది. నాకు అడ్వర్టైజ్‌మెంట్లొద్దు. లోపాలుంటే చెప్పండి, వింటా.”

కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

“కోపమొస్తే ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి దిగుతా. లెక్కపెట్టడం రాదు. తెలీనివి తెలిసినట్టు మాట్లాడతా, ఈ మధ్య కాస్త తగ్గింది. ఇంట్లో అబద్ధాలు చెప్తున్నా. కంపెనీ పనని చెప్పి వారానికి నాలుగుసార్లు నందిగామ నుంచి ఇక్కడికొస్తున్నా. వారానికి ఒక్కరోజే పని. మిగతా మూడు రోజులూ మీకోసం. మీరంటే నాకు ప్రేమ. ఇది లోపమో కాదో మీరే చెప్పాలి.”

“నాకు పచ్చడి చెయ్యడం రాదు,” అంది. “మిక్సీ చెయ్యడమే వచ్చు. ఎవరు తప్పు మాట్లాడినా అక్కడే అనేస్తా. చేతులకి వార్నిష్ వాసన పోదు.”

“తెలుసు.”

“తెలిసీ అడుగుతున్నావా?”

“అవును.”

“అయితే వానలో నిలబడ్డావేం? లోపలికి రా.”

‘రా’ అంది! ‘రండి’ కాదు. నేను మెట్టు చూసుకోకుండా ఎక్కి తూలి పడబోయాను.

లోపల తిరుపతిరావు గారు విప్పిన మోటారు ముందు కూర్చుని ఉన్నాడు. “వానైతే మాత్రం చెవులు వినపడవనుకున్నారా?” అన్నాడు తలెత్తకుండా. “అబ్బాయ్, ఒక్కసారి లోపలికి తీసుకున్నాక వాపసు పంపే అలవాటు మా షాపుకి లేదు. బాగా ఆలోచించుకో.”

“ఆలోచించా బాబాయ్ గారూ.”

“మామయ్యా అనాలి,” అంది ప్రమీల, నా చేతికి తువ్వాలిస్తూ.

శుభలేఖ నేనే రాశాను. ప్రకటనలవాణ్ణి కదా, వదులుతానా? వెన్నెల, కోయిల, ఏడేడు జన్మలు, ఒకటిన్నర పేజీ వచ్చింది. ప్రెస్సు బ్రహ్మయ్య గారు ప్రూఫు తీసిచ్చాడు. ప్రమీల దాన్ని బల్ల మీద పరిచి, పెన్సిలుతో ఒక్కో వాక్యం కొట్టేసుకుంటూ పోయింది. వెన్నెల పోయింది, కోయిల పోయింది. చివరికి రెండు పేర్లు, ముహూర్తం, ఊరు మిగిలాయి.

“మరీ ఇంత ఖాళీయా?” అన్నాను, ప్రాణం ఉసూరుమంటుంటే.

“ఉన్నది ఉంది,” అంది. మళ్ళీ వంగి, ఆ ఖాళీలో కింద చిన్న అక్షరాలతో ఏదో రాసి, మడిచి నాకిచ్చి వెళ్ళిపోయింది.

నేను విప్పి చూడకుండానే ప్రెస్సుకి పట్టుకెళ్ళాను. బ్రహ్మయ్య గారు కళ్ళజోడు పైకి తోసుకుని, చివరి లైను దగ్గర ఆగాడు.

“ఇది కూడా వెయ్యాలా బాబూ?”

వంగి చదివాను. ‘ఇతని మాట నేను నమ్మా.’

“అది అచ్చుకి కాదండీ, నాకు,” అని, ఆ కింది ముక్క జాగ్రత్తగా చింపి జేబులో పెట్టుకున్నాను.